బుల్లెట్ ఇంజనుతో కట్టుకున్న కూపర్ 500: కొన్నేళ్ళు నడిపాక నా మాట

ఈ కారుకి రివర్స్ గేరు లేదు, డిఫరెన్షియల్ (మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లేదు, తలుపుల్లేవు, నంబరు ప్లేటు లేదు. ఒక్కరే కూర్చోవాలి. వానొస్తే తడవాలి. ఇవన్నీ తెలిసే కట్టుకున్నాను. కొన్ని ఎండాకాలాలు నడిపాను కాబట్టి ఇప్పుడు ఏది నిలబడిందో, ఏది మార్చాల్సి వచ్చిందో రాస్తున్నాను. మన వైపు ఎవరికైనా ఇలాంటి సరదా ఉంటే ఫొటోలు చూసి మురిసిపోయే ముందు ఇది ఒకసారి చదవండి.

తెలియని వాళ్ళకి అసలు కారు గురించి కొంచెం. ఇంగ్లండులోని సర్బిటన్‌లో గ్యారేజీ నడుపుకునే చార్లెస్ కూపర్, ఆయన కొడుకు జాన్ కలిసి 1946లో ఒక చిన్న రేసు కారు కట్టారు. యుద్ధం అప్పుడే అయిపోయింది, సామాను దొరకదు. రెండు ఫియట్ టోపోలినో కార్ల ముందు భాగాలు తీసుకుని వీపుకి వీపు ఆనించి అతికేశారు. అంటే వెనక చక్రాలకి కూడా ముందు చక్రాల సస్పెన్షనే అన్నమాట. ఇంజను స్పీడ్‌వే బైకులకి వాడే 500 సీసీ జేఏపీ, సింగిల్ సిలిండర్. చైనుతో వెనక చక్రాలు తిప్పాలి, చైను పొట్టిగా ఉంటేనే మంచిది, అందుకని ఇంజను డ్రైవరు వెనక పెట్టారు. ఇందులో పెద్ద సిద్ధాంతమేమీ లేదు. 1948లో కుర్ర రేసరు స్టిర్లింగ్ మాస్ పేరు తెచ్చుకున్నది ఇలాంటి కారుతోనే. 1950కల్లా ఈ 500 సీసీ తరగతే ఫార్ములా త్రీ అయింది. 1959లో, మళ్ళీ 1960లో జాక్ బ్రాభమ్ కూపర్‌తోనే ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, అదీ ఇంజను వెనకున్న కారుతో. ఆ తర్వాత కొద్ది ఏళ్ళలో ముందు ఇంజను ఫార్ములా వన్ కార్లు మాయమైపోయాయి.

నేనీ కారునే ఎంచుకోవడానికి కారణం, బుల్లెట్ 500 ఇంజను మన దగ్గర దొరకడం. అదీ సింగిల్ సిలిండరే, అదీ చైనే. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజను ఇచ్చేది 22 హార్స్ పవర్. అసలు జేఏపీ ఇంజను మిథనాల్ తాగి దాదాపు రెట్టింపు ఇచ్చేది. నాకు 22 చాలు. బండి బరువు మూడు వందల కిలోల లోపే, సీటు నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. డెబ్బై స్పీడులో పోతుంటే గుండెలో టెన్షన్ మొదలవుతుంది.

నా అనుభవంలో తేలింది ఒక్కటే. అసలు కారు కొలతలకీ అమరికకీ పట్టుబట్టి కట్టుబడిన చోటల్లా నాకు తలనొప్పే మిగిలింది. శ్రీకాకుళం షాపుల్లో చేతికందే సామానుతో కానిచ్చిన చోటల్లా బండి హాయిగా నడుస్తోంది. కూపర్లు చేసింది కూడా అదే కదా, తమ ఊళ్ళో దొరికింది వాడారు. అదే ఫియట్ ముక్కల కోసం నేను ప్రపంచమంతా గాలిస్తే ఆ కారుకి నకలు చేసినట్టా, కాదా?

ముందు కమాన్ల (గతుకులు మింగే ఉక్కు ఆకుల కట్టల) గురించి చెప్తాను, బండిలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే. టోపోలినోలో ఒక కమాన్ కట్ట అడ్డంగా ఉంటుంది, దాని రెండు కొసలే రెండు చక్రాలకీ పై చేతుల్లా పనిచేస్తాయి. కింద మాత్రం విష్‌బోన్, అంటే చక్రాన్ని పట్టి ఉంచే వీ ఆకారం చెయ్యి. దీనికి లారీ కమాన్లు పనికిరావు, మరీ బిరుసు. మారుతి ఓమ్ని వెనక కమాన్లు తీసుకుని, హైవే పక్కన లారీలకి కమాన్లు కట్టే షాపుకి పట్టుకెళ్ళాను. అక్కడి మేస్త్రి రెండు ఆకులు తీసేసి, మిగిలినవి కొలిమిలో పెట్టి వంపు సరిచేసి, నూనెలో ముంచి ఇచ్చాడు. కారు ఏదో, ఎందుకో అడగలేదు. బరువెంతో ఒక్కటే అడిగాడు. అప్పటి నుంచి ఇప్పటివరకు ఒక్క ఆకు విరగలేదు. ఆకులన్నిటినీ మధ్యలో గుచ్చి పట్టే సెంటర్ బోల్టు మాత్రం జాగ్రత్త. పక్కకి లాగే బలం మొత్తం దాని మీదే పడుతుంది. యూ బోల్టులు వదులైతే సెంటర్ బోల్టు కోసుకుపోతుంది. బండి బయటికి తీసిన ప్రతిసారీ ముందు వాటికి స్పానర్ వేసి చూస్తాను.

స్టీరింగు మారుతి 800ది. నా బండి వెడల్పు తక్కువ కాబట్టి దాని రాక్ (చక్రాలని అటూ ఇటూ తిప్పే పళ్ళ కడ్డీ) పొడవు ఎక్కువైపోతుంది. రాక్ నుంచి చక్రాలకి వెళ్ళే టై రాడ్లు కోసి పొట్టి చేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది, సరిపోదు. రాక్ ఎత్తు, దాని కీళ్ళు కింది విష్‌బోన్ కీళ్ళకి సరిపడా లేకపోతే గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తానే తిరుగుతుంది. రాక్‌ని ముందు టాకాలు వేసి నిలబెట్టండి, చక్రాన్ని జాకీతో పైకీ కిందకీ ఆడించి చూడండి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్ చేయండి.

ఇక అసలు రోగం వేడి. బైకు మీద బుల్లెట్ ఇంజనుకి ఎదురుగాలి తగులుతుంది. ఇక్కడేమో నా వీపు చాటున కూర్చుంటుంది. కూపర్లకి ఈ బాధ అంతగా లేకపోవడానికి చలి దేశం ఒక కారణం, మిథనాల్ ఇంకో కారణం. మిథనాల్ ఆవిరయ్యేటప్పుడు బోలెడంత వేడి పీల్చుకుంటుంది, ఇంజను లోపలి నుంచే చల్లబడుతుంది. అయితే అది విషం, లైసెన్సు లేకుండా కొనే సరుకు కాదు, ఇంట్లో పెట్టుకునేది అంతకన్నా కాదు. నేను పెట్రోలే పోస్తాను. ఇంజను మాత్రం ఫొటోల్లో ఉన్నట్టే పెట్టాను, పక్కన ఉన్న సన్నటి కిటికీలూ అలాగే. ఏప్రిల్ ఎండలో నాలుగు రౌండ్లు కొట్టేసరికి ఇంజను గొంతు మారిపోయేది. రెండు పక్కలా గాలి దొనెలు పెద్దవి చేశాను, కొంత నయమైంది. చివరికి పాత ఇనుము కొట్టులో దొరికిన మారుతి రేడియేటర్ ఫ్యాను సిలిండర్ హెడ్డుకి ఎదురుగా బిగించాక గానీ మనశ్శాంతి దొరకలేదు. ఆ ఫ్యానుకి బుల్లెట్ ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు చాలదు, అందుకని పెద్ద బ్యాటరీ ఇంట్లో చార్జింగ్ పెట్టుకుని తీసుకెళ్తాను. బాగా తెలిసినవాళ్ళు చూస్తే 'ఇది అసలు దాంట్లో లేదే' అంటారు. నిజమే, లేదు.

చైను విషయంలో ఇంకో పాఠం ఉంది. సింగిల్ సిలిండర్ ఇంజను తోసే ప్రతి తోపూ విడివిడి దెబ్బే. బుల్లెట్ వెనక చక్రం హబ్‌లో రబ్బరు ముక్కలు ఉంటాయి, ఆ దెబ్బలు అవి మింగుతాయి. కారులో చైను నేరుగా ఇరుసు మీది స్ప్రాకెట్‌కి వెళ్తుంది, మధ్యలో మింగేవాళ్ళు ఎవరూ లేరు. దాంతో స్ప్రాకెట్ పళ్ళు త్వరగా కొక్కేల్లా వంగిపోయాయి, చైను సాగిపోయింది. మా లేత్ మేస్త్రి బుల్లెట్ హబ్ కోసి, ఆ రబ్బర్లతో సహా ఇరుసు మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడు క్లచ్ వదిలితే బండి ఉలిక్కిపడదు, మెల్లగా లాగుతుంది. మొత్తం బండిలో బాగా పెట్టిన డబ్బు ఏదంటే ఇదే అంటాను. చక్రాల దాకా వెళ్ళే షాఫ్టులు మారుతి 800వి, పొట్టిగా కోయించినవి. వాటి మీద ఏ ఫిర్యాదూ లేదు.

డిఫరెన్షియల్ లేకపోవడం మట్టి మీద తెలియదు. సిమెంటు రోడ్డు మీద మలుపు బిగిస్తే లోపలి టైరు కీచుమంటుంది, ముక్కు బయటికి తోస్తుంది. యాక్సిలరేటర్ కొంచెం వదిలి, మళ్ళీ తొక్కితే వెనక భాగం తిరిగి సర్దుకుంటుంది. అది చేతికి అలవాటయ్యాక సరదాయే. షెడ్డులో తిప్పడం మాత్రం నరకం. దిగాలి, తోయాలి.

బాడీ గురించే అందరూ ఎక్కువ అడుగుతారు. వంపు లేని ముక్కలు పర్లేదు, 18 గేజు అల్యూమినియం రేకు పైపు మీద వంచితే వచ్చేస్తాయి. ముక్కు భాగం అలా రాదు, రెండు వైపులా వంపు. టింకరింగ్ షాపులో కొడుతుంటే అంచులు చీలిపోతున్నాయి. అప్పుడు బుడితి గుర్తొచ్చింది. మన జిల్లాలో కంచు, ఇత్తడి సామానుకి పేరున్న ఊరు. అక్కడ ఒక పెద్దాయన నా రేకుని చేత్తో తడిమి, "కాల్చకుండా కొడితే పగిలిపోదేటి బాబూ?" అన్నాడు. కొట్టేకొద్దీ లోహం గట్టిపడుతుంది, మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచాలి. ఇత్తడైతే ఎర్రబడటం కంటికి తెలుస్తుంది. అల్యూమినియం ఎర్రబడదు, 660 డిగ్రీల దగ్గర చెప్పాపెట్టకుండా కరిగి జారిపోతుంది. దీనికో చిట్కా ఉంది. రేకు మీద బట్టల సబ్బుతో గీతలు గీయాలి. వెనక నుంచి గ్యాస్ మంట ఆడిస్తూ ఉంటే సబ్బు గీత ముందు పసుపుపచ్చగా మారి, గోధుమ రంగుకి వచ్చి, నల్లబడుతుంది. నల్లబడగానే మంట తీసేయాలి. చల్లారాక రేకు అరిటాకులా వంగుతుంది. ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో మధ్య నుంచి అంచుకి కొట్టుకుంటూ పోయాడాయన. పెద్దగా కొట్టలేదు, చిన్న చిన్న దెబ్బలే, దెబ్బ మీద దెబ్బ సగం పడేట్టు. మళ్ళీ బిగుసుకోగానే మళ్ళీ సబ్బు, మళ్ళీ మంట. ఆ ముక్కు మీద ఇప్పటికీ దగ్గరగా చూస్తే సుత్తి గుర్తులు కనిపిస్తాయి. పెయింటరు పుట్టీ పెట్టి కప్పేస్తానన్నాడు, వద్దన్నాను.

బాడీకి అసలు శత్రువు మన ఉప్పుగాలి. రేకుని ఫ్రేముకి స్టీలు స్క్రూలతో బిగించాం. ఒక వానాకాలం దాటేసరికి ప్రతి స్క్రూ చుట్టూ తెల్లటి పొడి. రెండు వేరు లోహాలు తడిలో ఆనుకుంటే అల్యూమినియం తినేయబడుతుంది. అన్నీ ఊడదీసి అల్యూమినియం రివెట్లు వేశాం, రేకుకీ ఫ్రేముకీ మధ్య పెయింటు, పల్చటి రబ్బరు పట్టీ. సముద్రానికి దగ్గరున్నవాళ్ళు ఈ పని మొదట్లోనే చేసుకోండి.

బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, ఈ బరువుకి సరిపోతున్నాయి. చక్రాలు మారుతివి, 12 అంగుళాలు. పక్క నుంచి చూస్తే కారు కాస్త పొట్టి కాళ్ళదిగా కనిపిస్తుంది, ఆ అసంతృప్తి నాకు ఇంకా ఉంది. అసలు కారులో సీటు బెల్టులు, బోల్తా పడితే కాపాడే తల వెనక ఇనుప కమ్మీ ఉండేవి కావు. నేను రెండూ పెట్టాను. పక్కనే ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. వీటి గురించి వాదన పెట్టుకోదలచుకోలేదు.

ఎక్కడ నడుపుతానని మీరు అడిగేలోపు నేనే చెప్తాను. రోడ్డు మీద కాదు. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. పూర్తిగా కొత్త బండి అయితే నమూనాని గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థలో పాస్ చేయించాలి, ఒక్క కారు కోసం మనలాంటివాళ్ళు చేయగలిగేది కాదది. ఇంజను తీసుకున్న బైకు ఆర్సీ కూడా రద్దు చేయించుకోండి, రేపు ఎవరూ అడగకుండా.

రణస్థలం వైపు మాకు తెలిసిన బావ గారి లేఅవుట్ ఒకటుంది. సిమెంటు రోడ్లు, కరెంటు స్తంభాలు అన్నీ ఉన్నాయి, ఇళ్ళు లేవు. ఆయన అనుమతితో ఆదివారం పొద్దున్నే బొలెరో పికప్‌లో ఎక్కించుకుని వెళ్తాం, తోక డాలా బయటికి ఉంటుంది. యుద్ధం తర్వాత ఇంగ్లండులో ఖాళీ విమానాశ్రయాల మీద రేసులు పెట్టుకున్నారు, సిల్వర్‌స్టోన్ అలా వచ్చిందే. మన దేశంలో మద్రాసు దగ్గర షోలవరం కూడా పాత ఎయిర్‌స్ట్రిప్పే. మాకు రియల్ ఎస్టేటు దొరికింది. భోగాపురం విమానాశ్రయం రన్‌వే మీద ఒక్కసారి తిప్పనిస్తారేమో అడుగు అని బావ గారు ఏడిపిస్తుంటారు. సరైన ట్రాక్ కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై దాకా పోవాలి.

ఖర్చు ఒక మంచి సెకండ్‌హ్యాండ్ ఆల్టో అంత అయింది, టైము లెక్కపెట్టలేదు. ఆల్టోలో ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చు, ఏసీ ఉంటుంది. మా ఇంట్లో ఈ మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది, జవాబు నా దగ్గర లేదు. తుప్పు దులపడం, చైను సర్దడం, ప్లగ్గు తుడవడం విసుగనిపించేవాళ్ళు దీని జోలికి రావద్దు. నడిపిన ప్రతి గంటకీ షెడ్డులో అంతకు మించి పని ఉంటుంది. వెల్డింగ్ రానివాళ్ళు భయపడక్కర్లేదు, వచ్చినవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ పక్కన నిలబడి చూసే ఓపిక ఉంటే చాలు.

కట్టాలనుకునేవాళ్ళకి ఫ్రేము జిగ్గు (వెల్డింగ్ చేసేటప్పుడు పైపులని సరైన చోట పట్టి ఉంచే చట్రం) ఇంకా షెడ్డులోనే ఉంది, కొలతలు తీసుకోవచ్చు. ఇంజను బిగించే చోట మాత్రం నా కొలత తీసుకోకండి. సీటుకీ సిలిండర్‌కీ మధ్య ఇంకో నాలుగు అంగుళాలు వదిలితే ఆ ఫ్యాను అవసరమే ఉండకపోవచ్చు.