నెల్లూరులో స్టాంపులు, ఉదయగిరిలో బొమ్మలు: ఒక బుల్లి పుస్తకం యాత్ర

చూసొచ్చిన ఊరిని అగ్గిపెట్టెంత పుస్తకంగా చేసుకోవడం నాకూ అక్కకీ ఇష్టం. అట్టలు ష్రింక్ ప్లాస్టిక్‌వి (ఓవెన్‌లో వేడి చేస్తే ముడుచుకుని చిన్నదయ్యే షీటు), వాటి మీద రబ్బరు స్టాంపు బొమ్మలు, లోపల మడతల కాగితం. ఈసారి ఉదయగిరి పుస్తకాన్ని యాత్రలోనే పూర్తి చేశాం. ఇలాంటి పని పెట్టుకుంటే మకాం నెల్లూరులోనే ఉండాలని గట్టిగా చెప్తాను.

మొదట దిగిన బస్టాండు దగ్గరి లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు టైముకి వచ్చాయి. బల్ల మాత్రం లేదు, వెలుతురు చాల్లేదు. మాగుంట లేఅవుట్ వైపు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్‌కి మారాం. అద్దె ఎక్కువే అయినా పెద్ద టేబులు, కిటికీ, ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) దొరికాయి. బుక్ చేసేముందు ఓటీజీ ఉందో లేదో అడగండి, మైక్రోవేవ్‌తో ఈ పని కాదు. ఓనరు ఒప్పుకున్నాకే వాడండి. ట్రే మాత్రం మీ సొంతది తీసుకెళ్లండి. ప్లాస్టిక్ వేడెక్కేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి, పక్కన తిండి పెట్టకూడదు.

నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. తెల్లారేసరికి బస్సెక్కితే ఎండ ముదరకముందే కొండ మొదలుపెట్టొచ్చు. నీళ్లు, తిండి కిందే కొనుక్కోండి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఇది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. మా పుస్తకానికి అదే కథ. కోట గోడనీ, చిన్ని కృష్ణుణ్ణీ అక్క అక్కడే గీసింది.

ఊళ్లో చెక్క చెంచాలు, ఫోర్కులు చెక్కే ఇళ్లకి తప్పకుండా వెళ్లండి. బేరం ఆడకుండా కొనాల్సిన పని అది. అక్కడ కొన్న పలచటి చెక్క కత్తితో కాగితం మడత నొక్కితే గీత గీసినట్టు వచ్చింది.

స్టాంపు నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో చేయించాం. బొమ్మ చూసి "ఏందమ్మా, ఇది ఏ ఆఫీసుకి?" అని అడిగిన పెద్దాయన, పుస్తకం సంగతి విన్నాక, గీతల మధ్య ఖాళీ ఉండాలని తనే సరిచేసి ఇచ్చారు. యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన సర్వీసు ఇదే.

ష్రింక్ ప్లాస్టిక్ అంటే సాగదీసి చల్లార్చిన పాలీస్టైరీన్. దాదాపు 160 డిగ్రీల వేడిలో అది మళ్లీ ముడుచుకుంటుంది. అయిదు సెంటీమీటర్ల బొమ్మ రెండు సెంటీమీటర్ల పైచిలుకు అవుతుంది, మందం పెరుగుతుంది, రంగు ముదురుతుంది. అందుకే కలర్ పెన్సిల్ తేలిగ్గా వేయాలి, నున్నటి షీటైతే ముందు గరుకు కాగితంతో రుద్దాలి. షీటుని ఓటీజీలో పెట్టకముందే కుట్టుకి రంధ్రాలు పంచ్ చేయాలి. వేడికి షీటు చుట్టుకుపోతుంటే కంగారుపడొద్దు, కాసేపటికి దానంతటదే విచ్చుకుంటుంది. తీసిన వెంటనే చదునైన బరువుతో నొక్కాలి.

మామూలు ఆఫీసు ప్యాడ్ ఇంకు ప్లాస్టిక్ మీద ఆరదు, సాల్వెంట్ ఇంకు ప్యాడ్ కావాలి. అదీ, ష్రింక్ షీట్లూ నేనడిగిన షాపుల్లో లేవు, ఇంటి నుంచే తీసుకెళ్లండి. డ్రాయింగ్ కాగితం, దారం, పంచ్ నెల్లూరులోనే దొరికాయి.