ఆరు సీసాలూ ఒకే ధరా? ఆ సబ్బు కిట్టు కొనేముందు ఇది చదవండి

‘ఇంట్లోనే యాంటీ బాక్టీరియల్ సబ్బు’ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్లతో జాగ్రత్త. టీ ట్రీ, లవంగం, నీలగిరి, నిమ్మగడ్డి, వేప, చందనం అంటూ 10 మి.లీ. సీసాలు ఆరు, పక్కనే ఓ పొట్లంలో కాస్టిక్ సోడా. సీసాలన్నిటికీ ఒకటే ధర. చందన తైలం నీలగిరి తైలం ధరకు ఎక్కడా దొరకదు, అనుమానం అక్కడే మొదలవ్వాలి. ఇక ‘వేప ఎసెన్షియల్ ఆయిల్’ అన్నది గింజల్ని పిండిన మామూలు వేపనూనే. సువాసన తైలాల లెక్కలో కాదు, కొబ్బరినూనె పక్కన రాసుకోవాల్సిన సరుకు.

ఈ సీసాల్లో కలిపేది ఎక్కువగా డీఈపీ (డైఇథైల్ థాలేట్, అగరబత్తి సెంట్లలో వాడే ద్రావకం), డీపీజీ (డైప్రొపిలీన్ గ్లైకాల్, నీళ్లలో కలిసిపోయే ద్రావకం), లేదా లిక్విడ్ పారఫిన్ (పెట్రోలియం నుంచి తీసే నూనె). మూడింటికీ వాసన దాదాపు ఉండదు కాబట్టి ముక్కుతో పట్టుకోలేరు. కాటాతో పట్టుకోవచ్చు. సిరంజితో సరిగ్గా 10 మి.లీ. టీ ట్రీ తీసి, 0.01 గ్రాము చూపే చిన్న కాటా మీద తూచండి. అసలుదైతే 8.8 నుంచి 9.1 గ్రాముల మధ్య ఉంటుంది. సగం డీఈపీ ఉంటే 10 గ్రాములు, సగం డీపీజీ ఉంటే 9.6 దాకా వస్తుంది. పారఫిన్ తేలిక, తూకానికి దొరకదు. దానికి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూడండి, జిడ్డు మరక మిగిలితే కల్తీ. (చందనం, వట్టివేరు తైలాలు అసలువైనా మరక వదులుతాయి, వాటిని తప్పుపట్టకండి.) స్పిరిట్, డీపీజీ కలిపారేమో తేలాలంటే 5 మి.లీ. తైలం, 5 మి.లీ. నీళ్లు సన్నటి గొట్టంలో కలిపి కుదిపి, తేరుకోనివ్వండి. తైలం పొర కుంచించుకుపోతే కల్తీ నీళ్లలోకి దిగినట్టే. లవంగ నూనె ‘నీళ్లలో మునిగింది కాబట్టి మంచిదే’ అన్న మాట నమ్మకండి, డీఈపీ కూడా మునుగుతుంది.

దీనివల్ల సబ్బుకు వచ్చే నష్టం చిన్నది కాదు. 300 గ్రాముల కొబ్బరి, 600 ఆలివ్, 100 ఆముదం తీసుకుంటే, 5 శాతం నూనె మిగిలేలా కాస్టిక్ సుమారు 141 గ్రాములు పడుతుంది. అందులో 30 గ్రాముల ‘టీ ట్రీ’ పోశారనుకుందాం. సగం డీఈపీ అయితే అది పూర్తిగా విడిపోయేసరికి 5.4 గ్రాముల కాస్టిక్‌ను తినేస్తుంది. మిగులు నూనె 5 నుంచి 8 శాతం దాటుతుంది, సబ్బు మెత్తబడుతుంది, త్వరగా కంపు కొడుతుంది. పారఫిన్ అసలు సబ్బుగా మారదు, జిడ్డుగా అలాగే ఉండిపోతుంది. స్పిరిట్ ఉంటే మిశ్రమం అచ్చులో పోసేలోపే ముద్దకట్టవచ్చు. అయితే అసలైన లవంగ నూనె కూడా అదే పని చేస్తుంది, దాంట్లోని యూజినాల్ వల్ల. కిలో నూనెలకు 5 గ్రాములు దాటనివ్వకండి, చర్మం మండుతుంది కూడా.

కాస్టిక్ పొట్లం మీద ‘సోడా’ అని మాత్రమే ఉంటే వాడొద్దు. సోడియం హైడ్రాక్సైడ్ అన్న పేరు, శాతం, తయారీ తేదీ కావాలి. పొటాషియంది కూడా తెల్ల రేకుల్లానే ఉంటుంది, కానీ 1.4 రెట్లు పడుతుంది. పైగా సబ్బు గట్టిపడదు. మూత వదులై గాలి, చెమ్మ తగిలిన సోడాకు బలం తగ్గుతుంది. డ్రెయిన్ క్లీనర్ పొడిలో అల్యూమినియం ముక్కలు ఉండొచ్చు, నీళ్లలో వేస్తే హైడ్రోజన్ పొంగుతుంది.

డబ్బా మీద ‘99.9% క్రిములు’ అని రాయడం మరో మోసం. టీ ట్రీకి ల్యాబులో బాక్టీరియాను చంపే గుణం నిజమే. కానీ సబ్బు నాలుగైదు వారాలు ఆరేసరికి కొంత ఆవిరైపోతుంది, మిగిలింది చేతిమీద అరనిమిషం కూడా నిలవదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ట్రైక్లోసాన్ సహా 19 రసాయనాలను క్రిమిసంహారక సబ్బుల్లోంచి తప్పించింది. మామూలు సబ్బూ నీళ్ల కంటే అవి మేలని రుజువు కాకపోవడం అందుకు ఒక కారణం. మీరు చేసిన సబ్బు అమ్మాలనుకుంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 కింద లైసెన్స్ కావాలి, కిట్టు అమ్మేవాళ్లు ఆ ముక్క చెప్పరు.

కొన్నాక సీసా విప్పడం దగ్గర్నుంచి తూకం దాకా ఒకే వీడియోగా తీయండి. జీసీ-ఎంఎస్ రిపోర్టు (తైలంలో ఏ రసాయనం ఎంత ఉందో చూపే ల్యాబ్ పరీక్ష) అడగండి. అందులోని బ్యాచ్ నంబరు సీసా మీది నంబరుతో కలవాలి, టీ ట్రీకి దాని ముఖ్య రసాయనమైన టెర్పినెన్-4-ఓల్ 35 శాతానికి తగ్గకూడదు. వాపసు గడువులోపే ఇదంతా చేయండి. డబ్బు వెనక్కి ఇవ్వనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.