ఒకటే 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, రెండు 500లు ప్యారలల్‌లో, రెండు 500లు విడివిడిగా: ఏది మేలు?

కోల్డ్ స్టోరేజీల వాళ్లూ రైసు మిల్లుల వాళ్లూ తిప్పి తిప్పి అడిగేది ఇదే. “500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, లోడు పెరిగింది. తీసేసి 1000 పెట్టమంటారా, పక్కన ఇంకో 500 తెచ్చి ప్యారలల్‌లో కలిపేయమంటారా?” కేవీఏ అంటే ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడు, ప్యారలల్ అంటే రెండూ కలిసి ఒకే లోడును మోయడం. మూడో దారి గురించి మాత్రం ఎవరూ అడగరు. రెండు 500లు పెట్టుకుని, ఎల్‌టీ బస్సును (433 వోల్టుల వైపు ప్యానెల్‌లో లైన్లన్నిటికీ కరెంటు పంచే లోహపు పట్టీలను) రెండు ముక్కలు చేసి, మధ్యలో వాటిని కలిపే బ్రేకరును, అంటే కప్లర్‌ను మామూలు రోజుల్లో ఆఫ్‌లోనే ఉంచడం. నా ఓటు ఎటో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

1000 కేవీఏతో గొడవ తక్కువ. రెండు 500ల కంటే చవక, జాగా కలిసొస్తుంది, నష్టాలూ మొత్తమ్మీద తక్కువే. కానీ గుంటూరులో మిర్చి ఛాంబర్లన్నీ నిండి ఉన్న మే నెలలో అది కాలిపోయిందనుకోండి, వైండింగ్ కట్టి వచ్చేదాకా జనరేటరే దిక్కు. రెండుంటే ఆ భయం సగం తగ్గుతుంది, సరుకు పల్చబడ్డాక ఒకదాన్ని ఆపుకోవచ్చు కూడా.

ఇక ప్యారలల్. ఓల్టేజీ నిష్పత్తి, వెక్టర్ గ్రూప్ (వైండింగులు కలిపిన తీరు, దాంతో వచ్చే ఫేజ్ కోణం), ఫేజ్ సీక్వెన్స్ (మూడు ఫేజుల వరస) కలవాలని అందరికీ తెలుసు. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇంపీడెన్స్ శాతాన్ని, అంటే ట్రాన్స్‌ఫార్మర్ తనలోంచి వెళ్లే కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకెను. ఒకటి 4 శాతం, ఇంకోటి 5 శాతం అయితే 1000 కేవీఏ లోడులో మొదటిదాని మీద 556 పడుతుంది, రెండోది 444 మోస్తుంది. మొదటిది 500 దాటకూడదంటే రెండూ కలిపి 900 దగ్గరే ఆగాలి. ఓల్టేజీని కొద్దికొద్దిగా సర్దే మెట్లు, ఆ ట్యాపుల సంగతి ఇంకా చిత్రం. రెండూ 4.5 శాతానివే అయినా, ఒకటి ఒక్క మెట్టు, అంటే 2.5 శాతం, తేడాలో ఉంటే చాలు. లోడు అసలు లేకపోయినా 185 ఆంపియర్ల దాకా ఊరికే రెండింటి మధ్య తిరుగుతూ ఉంటుంది.

ఇవన్నీ చూసుకుని కొంటే సర్దుకునేవే. నన్ను వెనక్కి లాగేది షార్ట్ సర్క్యూట్ కరెంటు. 433 వోల్టుల దగ్గర 500 కేవీఏ ఫుల్ లోడు 667 ఆంపియర్లు. 4.5 శాతం ఇంపీడెన్స్‌తో బస్సు మీద షార్టయితే 14.8 కిలో ఆంపియర్లు వస్తాయి. రెండూ కలిపితే 29.6. ఒక్క 500 కోసం కట్టిన పాత ప్యానెల్ తలుపు తీసి ఫీడర్ ఎంసీసీబీల (బయటికెళ్లే ఒక్కో లైనుకు ఉండే బ్రేకర్ల) మీద ఏం రాసుందో చదవండి. 16, 25 కేఏ కనిపించడం మామూలే. అవి తెంచగల షార్ట్ సర్క్యూట్ కరెంటు అంతే, కిలో ఆంపియర్లలో. నిన్నటిదాకా సరిపోయిన ఆ బ్రేకర్లు, ప్యానెల్‌లో ఒక్క నట్టు కూడా కదల్చకుండానే, కప్లర్ వేసిన క్షణం నుంచి చాలవు. ఆమ్మీటరు చూస్తే అంతా బాగానే ఉంటుంది. ప్యానెల్‌కు దగ్గర్లో కేబుల్ షార్టయిన రోజున బ్రేకరు ఆపలేక పేలితే అప్పుడు బయటపడుతుంది. బస్‌బార్ సపోర్టుల మీద పడే తోపుడైతే కరెంటు రెట్టింపైనప్పుడు నాలుగింతలవుతుంది. 11 కేవీ లైను, కేబుళ్ల పొడవు లెక్కలోకి తీసుకుంటే ఆ 29.6 కొంత తగ్గుతుంది, తిరుగుతున్న మోటార్లు కొంత కలుపుతాయి. 1000 కేవీఏ, 5 శాతానికి కూడా 26.7 వస్తుంది కదా అంటారేమో. నిజమే, కానీ అది పెట్టేవాళ్లు ప్యానెల్ ఎలాగూ మారుస్తారు. ప్యారలల్ చేసేవాళ్లు మార్చరు.

బ్యాక్‌ఫీడ్ కూడా ఉంది. ఒకదాని ఏబీ స్విచ్ (హెచ్‌టీ, అంటే 11 కేవీ వైపు స్విచ్) తీసి, ఎల్‌టీ బ్రేకరు మాత్రం ఆఫ్ చేయకపోతే, రెండోదాని కరెంటు బస్సు మీదుగా వెనక్కి వస్తుంది. ఆగిపోయిందనుకున్న ట్రాన్స్‌ఫార్మర్ హెచ్‌టీ బుషింగుల (లైను తీగలు బిగించే చోట్ల) మీద 11 వేల వోల్టులూ అలాగే ఉంటాయి.

విడివిడిగా నడిపితే బస్సు మీదికి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చేది 14.8 దాటదు, పాత ప్యానెల్ అలాగే ఉంచుకోవచ్చు. కష్టాలు లేవని కాదు. కంప్రెసర్లను రెండు వైపులా సమంగా పంచుకోవాలి. పెద్ద మోటారు స్టార్టయినప్పుడు ప్యారలల్‌లో కంటే ఓల్టేజీ ఎక్కువ పడిపోతుంది, మోటారును మెల్లగా స్టార్ట్ చేసే సాఫ్ట్ స్టార్టర్ ఖర్చు తగలొచ్చు. ఒకటి పోతే అటువైపు ఆగిపోతుంది. అవసరం లేని లోడు తీసేసి కప్లర్ వేసుకోవాలి. ఇక్కడ మూడు బ్రేకర్లకు (ట్రాన్స్‌ఫార్మర్లవి రెండు, కప్లర్ ఒకటి) రెండే తాళంచెవులు ఉండే ఇంటర్‌లాక్ పెట్టించండి. మూడూ ఒకేసారి ఆన్ చేద్దామన్నా కుదరదు.

సబ్‌స్టేషన్లలో ప్యారలల్‌లో నడపడం లేదా అంటారు. నడుపుతారు, కానీ అక్కడ దానికి తగ్గ రిలేలు, స్విచ్‌గేర్, మనుషులు ఉంటారు. పాత 315కి కొత్త 500 కలపడమంటారా, రెండు నేమ్ ప్లేట్లూ చూడకుండా వద్దు. సీజనుకు అద్దెకు తెచ్చుకునేది విడి బస్సు మీదే పెట్టండి.

అయినా ప్యారలలే కావాలంటే, కొత్త ప్యానెల్‌తో పాటు హెచ్‌టీ ట్రిప్పయితే ఎల్‌టీ కూడా ట్రిప్పయ్యే ఏర్పాటు ఉండాలి. మొదటిసారి కలిపే ముందు, రెండు న్యూట్రల్స్ కలిపి ఉండగా, తెరిచి ఉన్న కప్లర్‌కు అటూ ఇటూ ఫేజుల వారీగా ఆర్‌కు ఆర్, వైకి వై, బీకి బీ మీటరు పెట్టి చూడండి. మూడూ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఒకటి సున్నా, రెండు 433 చూపిస్తే కేబుళ్లు తారుమారయ్యాయి. మూడింటిలోనూ 250 వస్తే డీవైఎన్ 11 వెక్టర్ గ్రూప్ పక్కన డీవైఎన్ 1 తెచ్చిపెట్టారు. కేబుళ్ల జోలికి పోకుండా ముందు రెండో నేమ్ ప్లేటు మళ్లీ చదవండి.