నలిగిన పట్టు అంచుతో పొందూరు దాకా

విజయనగరంలో పిన్నివాళ్ళ గృహప్రవేశం అనగానే, దానికి ఇంకో మూడు రోజులు కలుపుకుని శ్రీకాకుళం వైపు తిరిగి రావాలనుకున్నాను. బ్యాగులో బట్టలకన్నా ముందు పెట్టుకున్నది ఒక పాత పట్టు స్కార్ఫ్. పాత నూలు పంచెముక్కలో చుట్టి, పైన అట్ట పెట్టి, నలగకుండా సర్దాను. దాని అంచు బాగుచేయగల చెయ్యి ఎక్కడైనా దొరుకుతుందేమో చూడాలి.

పద్నాలుగేళ్ళుగా పట్టు స్కార్ఫులు పోగుచేస్తున్నాను. ఇప్పటికి 31 ఉన్నాయి. కొత్తవి కొనే స్థోమత లేదు కాబట్టి దాదాపు అన్నీ సెకండ్ హ్యాండ్‌వే. ఈ సరదా ఉన్నవాళ్ళెవరైనా ముందు చెప్పుకునేది పారిస్‌లోని ఎర్మెస్ కంపెనీ గురించే. వాళ్ళ మొదటి స్కార్ఫ్ 1937లో వచ్చింది. దాన్ని కారే అంటారు, ఫ్రెంచిలో కారే అంటే చదరం. 90 సెంటీమీటర్ల చదరం, ఏటవాలు గీతలు కనపడే ట్విల్ నేత, రంగుకో తెర చొప్పున వేసే అచ్చు. వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైనది నాలుగు పక్కలా ఉండే అంచు. దాన్ని బొమ్మ ఉన్న వైపుకి చేత్తో చుట్టి, కుట్టు కనపడకుండా కుడతారు. దీపంలో వేసే సన్న వత్తిలా గుండ్రంగా, వేళ్ళకి తగిలేలా ఉంటుంది. పాత సరుకు కొనేటప్పుడు లేబుల్ చూడకముందే నేను కళ్ళు మూసుకుని అంచు తడిమి చూస్తాను. మిషన్ కుట్టు వేళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

నేను పట్టుకెళ్ళింది గుర్రపు కళ్ళేల బొమ్మ ఉన్నది. 1957లో హ్యూగో గ్రిగ్కర్ గీసిన డిజైన్ అది. తర్వాత రంగులు మార్చి చాలాసార్లు వేశారు, నాది అలా తర్వాత వచ్చినదే. హైదరాబాద్‌లో ఒక డ్రై క్లీనింగ్ షాపులో ఇస్తే, అంచు మీదుగా బరువైన ఇస్త్రీ పెట్టె పోనిచ్చారు. వత్తిలాంటి అంచు రిబ్బన్‌లా చదునైపోయింది. ఒక మూల నాలుగంగుళాల మేర కుట్టు కూడా ఊడింది. అడిగితే "శుభ్రంగానే ఉంది కదా మేడమ్" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి బయట ఎవరికైనా బట్ట ఇవ్వాలంటే టెన్షనే.

విజయనగరంలో మొదటి రాత్రి స్టేషన్‌కి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాను, పిన్ని ఇల్లంతా చుట్టాలే కాబట్టి. గది చిన్నదే అయినా దుప్పట్లు ఉతికినవి, నీళ్ళు వేడిగా వచ్చాయి, కిటికీ తెరిస్తే గాలి ఆడింది. తెల్లారి అయిదుకే బండ్ల చప్పుడు మొదలవుతుంది, తేలిగ్గా మెలకువ వచ్చేవాళ్ళకి కష్టం. ఒక్క రాత్రికైతే పరవాలేదు.

గృహప్రవేశం అయిన మధ్యాహ్నం పిన్నితో కలిసి గంటస్తంభం వైపు వెళ్ళాం. 1713లో కట్టిన కోట చూసి, పైడితల్లి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, ఆ పక్క సందుల్లో చీరలకి ఫాల్స్ కుట్టి పీకో (మిషన్‌తో వేసే అంచు కుట్టు) చేసే దుకాణాలు ఒక్కొక్కటీ అడుగుతూ పోయాం. మొదటి రెండు చోట్లా స్కార్ఫ్ చూసి "పీకో కొట్టేస్తాను, పది నిమిషాలు" అన్నారు. ఆ మాట వినగానే మడిచి లోపల పెట్టేసుకున్నాను. పట్టు ట్విల్ మీద పీకో పడితే అంచు అలలు తిరిగిపోతుంది, ఆ కన్నాలు మళ్ళీ పూడవు.

మూడో దుకాణంలో యాభై దాటిన ఒకావిడ ఉంది. స్కార్ఫ్ తీసుకుని ముందు చేతులు కొంగుకి తుడుచుకుంది. ఊడిన మూలని వెలుతురుకి పట్టి చూసి, "ఇది మిషను పని కాదమ్మా, చేత్తో చుట్టినారు" అంది. ఇంక నేనేమీ చెప్పక్కర్లేకపోయింది.

ఆవిడ చేసిన పని దగ్గర కూర్చుని మొత్తం చూశాను. ఇలాంటి పనికి మీలో ఎవరైనా మనిషిని వెతుక్కుంటుంటే ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. ముందు స్టౌ మీద గిన్నెలో నీళ్ళు మరిగించి, చదునైన అంచుని ఆవిరికి జానెడు ఎత్తులో పట్టుకుంది. బట్ట తడవలేదు, కాస్త మెత్తబడింది. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచుని మెల్లగా దొర్లిస్తూ పోయింది. చచ్చిపోయిందనుకున్న వత్తి అలా మళ్ళీ లేచింది. ఊడిన చోట వేలు నీళ్ళలో అద్ది, బట్టని బొమ్మ వైపుకి చుట్టి, పూసలు గుచ్చే సన్న సూదితో కింద రెండు పోగులు మాత్రమే ఎత్తి, సూదిని చుట్ట లోపలినుంచి పోనిచ్చింది. అయిదారు కుట్లకోసారి దారం సుతారంగా లాగితే కుట్లన్నీ లోపలికి మునిగిపోయాయి. దారం మాత్రం నేను తీసుకెళ్ళిన పట్టు దారమే. మగ్గం వర్క్‌కి అమ్మే రీళ్ళలోంచి రంగు చూసి కొన్నది. నాలుగంగుళాలకి ముప్పావుగంట పట్టింది. రెండు వందలు అడిగింది, అయిదు వందలు ఇచ్చాను. అప్పటికీ నాకు తక్కువిచ్చానేమో అనిపించింది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగితే, చిన్నప్పుడు వాళ్ళమ్మ చేతిరుమాళ్ళ అంచులు ఇలాగే చుట్టేదని చెప్పింది. "ఇప్పుడెవులు అడుగుతారమ్మా" అంది. పిన్ని అప్పుడే ఒక మాట అంది. "పొందూరు బట్ట తెచ్చి ఇలా చుట్టిస్తే ఎలాగుంటదే?" పొందూరు చేత్తో వడికిన సన్న ఖాదీకి పేరున్న ఊరు. నా ప్రయాణంలో మిగతా రోజులన్నీ ఆ మాట చుట్టూనే తిరిగాయి.

మర్నాడు పొద్దున్న పొందూరు వెళ్ళాను. పొందూరుకి రైల్వే స్టేషన్ ఉంది, విజయనగరం నుంచి పాసింజరు బండి ఆగుతుంది. సామాను తక్కువైతే రైలే హాయి. ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్ళు ఆమదాలవలసలో దిగుతారు. ఆ స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, ఊరు మాత్రం అక్కడికి పదమూడు కిలోమీటర్ల దూరం. కొత్తవాళ్ళు స్టేషన్ దిగగానే శ్రీకాకుళం వచ్చేసిందనుకుంటారు, ఆటో ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

పొందూరులో ఎంత చెప్పినా తనివి తీరనిది వాలుగ చేప దవడ. నూలు వడికే పట్టుసాలి కుటుంబాల ఆడవాళ్ళు ఆ దవడ ఎముకతో గింజ చుట్టూ ఉన్న పత్తిని దువ్వుతారు. నేను అడిగితే ఒకామె నా చేతికిచ్చింది. వేలెడు పొడవు ఉంటుందేమో, పళ్ళు కంటికి సరిగ్గా ఆనవు, చర్మం మీద రాస్తే గరుకు తెలుస్తుంది. ఆ సన్నటి పళ్ళు పత్తిలోని నలుసునీ చెత్తనీ తీసేసి, పీచుని ఒకే వైపుకి దువ్వి పెడతాయి. ఇక్కడి సన్న నూలుకి కొండపత్తి వాడతారు. ఏకిన పత్తిని ఏకులుగా చుట్టి, ఎండిన అరటి పట్టలో పెట్టుకుని, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలు అలా చేత్తోనే వస్తుంది. నూలు నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నమవుతుంది.

నేను బ్యాగులోంచి ఎర్మెస్ తీసి ఆమెకి చూపించాను. ముట్టుకోవడానికి మొదట మొహమాటపడింది. "ఏటమ్మా ఇది, పట్టేనా? తలకి కట్టుకుంతారేటి?" అంది. మెడకీ కట్టుకుంటారు, భుజాన వేసుకుంటారు అని చెప్పాను. అంచు తడిమి చూసి, పక్కామెని పిలిచి ఆమె వేళ్ళకీ తగిలించింది. బొమ్మ గురించి ఇద్దరూ ఏమీ అనలేదు. వాళ్ళ దృష్టంతా అంచు మీదే ఉంది. పద్నాలుగేళ్ళలో నా స్కార్ఫుని నేను చూసినట్టు చూసినవాళ్ళు వీళ్ళే. ఆ క్షణం నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

గాంధీగారు ఈ ఖాదీ సంగతి విని, చూసి రమ్మని తన కొడుకు దేవదాస్‌ని పంపారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నాటిది. బట్ట కొనాలంటే ముందు అక్కడికే వెళ్ళండి. పొందూరు పేరు చెప్పి మామూలు మిల్లు నూలు అంటగట్టే దుకాణాలు వేరే ఊళ్ళలో చూశాను. తేడా పట్టడానికి నేను చేసేది ఒకటే: బట్టని వెలుతురుకి పడతాను. చేత్తో వడికిన నూలులో పోగు అక్కడక్కడా లావు, సన్నం అవుతుంది. అంతా ఒకే తీరుగా గీత గీసినట్టుంటే అది మిల్లుది. నంబరుని బట్టి ధర చాలా మారుతుంది కాబట్టి, ఏ నంబరు కావాలో ముందే అనుకుని వెళ్ళడం మంచిది. గాంధీ జయంతి రోజుల్లో ఖాదీకి రిబేటు ఉంటుంది. నేను రిబేటు లేని రోజుల్లోనే వెళ్ళాను, అయినా ఆగలేదు. మీటరు పైన పనా (వెడల్పు) ఉన్న తెల్ల బట్ట రెండు మీటర్లు తీసుకున్నాను, రెండు చదరాలు వస్తాయి.

ఆ సాయంత్రం శ్రీకాకుళం చేరాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఫోన్లో బుక్ చేసుకున్న లాడ్జి నచ్చలేదు. ఫొటోలో చూపించిన గది వేరు, ఇచ్చిన గది వేరు. గోడకి చెమ్మ, అల్మారా తెరవగానే ముక్కిన వాసన. సముద్రం దగ్గరి గాలికి చెమ్మ ఎక్కువ, పట్టు అలాంటి అల్మారాలో ఒక్క రాత్రి ఉన్నా వాసన పట్టేస్తుంది. స్కార్ఫ్ ఉన్న బ్యాగు కుర్చీ మీద, ఫ్యాను గాలికి ఎదురుగా పెట్టి పడుకున్నాను. గది మార్చమంటే "ఫుల్ మేడమ్" అన్నారు, డబ్బు తిరిగివ్వలేదు. రెండో రోజు హైవే వైపున్న ఇంకో హోటల్‌కి మారాను. అద్దె ఆరేడు వందలు ఎక్కువ, కానీ గది పొడిగా ఉంది. రిసెప్షన్‌లో కుర్రాడు "ముందు గది చూసుకోండమ్మా, తర్వాతే రాయండి" అన్నాడు. ఆ మాటకే సగం నచ్చేసింది. భోజనానికి ఊళ్ళోకి రావాల్సిందే. ఒక చిన్న మెస్‌లో తిన్న పనసపొట్టు కూర, పొద్దున్నే బండి దగ్గర తాగిన చోడి అంబలి రెండూ బాగున్నాయి.

అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి దర్శనం ఆదివారం కాకపోవడంతో తొందరగానే అయింది. కిరణాలు స్వామి పాదాలను తాకే రోజులు మార్చిలోనూ అక్టోబరులోనూ వస్తాయి, అప్పుడు మాత్రం రద్దీ లెక్కేసుకోవాలి.

శ్రీకూర్మానికి ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. రానూపోనూ, అక్కడ ఆగే గంటన్నర కలిపి బేరం ముందే చేసుకుంటే గొడవ ఉండదు. పడమటి వైపు చూసే కూర్మనాథుడు, రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో ఆకులు నములుతున్న నక్షత్ర తాబేళ్ళు అన్నీ చూశాను. కానీ నేను ఎక్కువసేపు నిలబడింది ప్రదక్షిణ మండపంలో, గోడల మీది పాత చిత్రాల ముందు. రంగులు చాలాచోట్ల వెలిసిపోయాయి, పెచ్చులూడాయి. మిగిలినవాటిలో బొమ్మల చుట్టూ వేసిన పూలతీగల పట్టీలు నా కళ్ళని కట్టిపడేశాయి. ఒక చదరం మధ్యలో దేవుడు, చుట్టూ పట్టీ, మూలలో తీగ తిరిగే ఒడుపు. మంచి స్కార్ఫ్ కూడా ఇలాగే మూల దగ్గరే తెలిసిపోతుంది. నాలుగు మూలల్లో పట్టీ తెగకుండా తిరిగితే గీసినవాడు పనివాడు. 1966లో మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ కోసం ఇటలీ ఫ్యాషన్ కంపెనీ గుచ్చి వాళ్ళు చిత్రకారుడు విత్తోరియో అకోర్నెరోతో గీయించిన పూల స్కార్ఫ్ నాకింకా దొరకలేదు, దాని గురించి ఎన్నో ఏళ్ళుగా కలలు కంటున్నాను. శ్రీకూర్మం గోడ ముందు మాత్రం, ఈ పట్టీలు పట్టు మీద అచ్చైతే ఎంత బాగుంటుందో అన్న ఆలోచన తప్ప ఇంకోటి రాలేదు. ఈ రంగులు ఇంకా వెలిసిపోకముందే ఎవరైనా శ్రద్ధగా నకలు తీసి పెట్టాలి.

పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ ఎక్కుదామనుకున్నాను, ఎండ తట్టుకోలేక మానుకున్నాను.

తిరుగు ప్రయాణానికి శ్రీకాకుళం నుంచి విజయనగరం నాన్‌స్టాప్ బస్సెక్కాను. సీటు దొరికింది, కండక్టరు మర్యాదగా మాట్లాడాడు, బస్సు మధ్యలో ఎక్కడా ఆపలేదు. దిగగానే పిన్ని ఇంటికి కూడా పోకుండా ఆ కుట్టుపని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. పొందూరు బట్ట విప్పి చూసి నవ్వింది. కత్తెర పెట్టే ముందు అడ్డంగా ఒక పోగు సూదిమొనతో ఎత్తి, చివరిదాకా లాగేసింది. బట్టలో వెంట్రుకంత గీత పడింది. ఆ గీత వెంట కత్తిరించింది, అప్పుడే చదరం వంకర పోదట. నూలు కాబట్టి అంచు పోగులు విడిపోతాయని, పట్టుకన్నా కాస్త లావుగా చుట్టాలని చెప్పింది. ఒక పక్క చుట్టేసరికి చీకటి పడింది. నా రైలు రాత్రి తొమ్మిదింటికి.

"రెండూ ఇక్కడే వదిలీయమ్మా, తొందరపడితే పని పాడైపోద్ది" అంది ఆవిడ. బయట ఎవరికీ బట్ట వదలకూడదని ఒట్టు పెట్టుకున్నదాన్ని, రెండు చదరాలూ ఆవిడ బల్ల మీద పెట్టి, పిన్ని ఫోన్ నంబరు రాసిచ్చి వచ్చేశాను.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. మొదటిది అయిపోయిందట, రెండోదానికి మూడో పక్క నడుస్తోందట.