సిమిలిగూడ చలిలో 5డబ్ల్యూ-30 ఇంజనాయిల్: కొన్ని శీతాకాలాలు వాడాక

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే వాతావరణమే వేరు. కింద స్వెట్టర్ అక్కర్లేని జనవరి ఉదయాన, పైన పొట్టంగి, సిమిలిగూడ, సునాబేడల్లో 5, 6 డిగ్రీలు ఉంటుంది. కొన్ని రోజులు ఇంకా పడిపోతుంది. ఇక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళలో చాలామంది బండి కొనేదీ, పెద్ద సర్వీసు చేయించేదీ విజయనగరంలోనో విశాఖలోనో. అక్కడి మెకానిక్ అక్కడి ఎండకు అలవాటైన ఆయిల్ పోసి పంపిస్తాడు. బండి మాత్రం రాత్రంతా కోరాపుట్ జిల్లా మంచులో బయట నిలబడాలి. అందుకే ఈ సమీక్ష రాయాలనిపించింది.

నాది బీఎస్-4 (పొగ నిబంధనల పాత దశ) కాలం నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఇంటి దగ్గర షెడ్డు లేదు. ఆయిల్ గ్రేడులో మొదటి అంకె చలిలో, రెండోది కాగినప్పుడు ఆయిల్ ఎలా ఉంటుందో చెబుతాయి. మొదట్లో 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్ ఉండేది, తర్వాత 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్ వేయించాను, ఆ తర్వాత వరుసగా కొన్ని శీతాకాలాలుగా 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ వాడుతున్నాను. మూడూ బండితో వచ్చిన మాన్యువల్‌లోని ఉష్ణోగ్రతల పట్టికలో ఉన్నవే. కంపెనీ పేరు చెప్పను. ఒకటికి మించి మంచి కంపెనీల డబ్బాలు వాడాను. అంకెలు ఒకటే అయినప్పుడు వాటి మధ్య నాకు తేడా తెలియలేదు. తేడా తెలిసింది గ్రేడు మారినప్పుడే.

15డబ్ల్యూ-40 ఉన్నప్పుడు తెల్లవారుజామున తాళం తిప్పితే సెల్ఫ్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరిగేది. ఇంజన్ అందుకున్నాక పైన టకటకమని ట్యాపెట్ల (వాల్వులను కదిపే భాగాల) చప్పుడు వచ్చి, కాసేపటికి సర్దుకునేది. మీటర్‌లో ఎర్రటి ఆయిల్ దీపం కూడా ఓ క్షణం ఆలస్యంగా ఆరేది. 10డబ్ల్యూ-40కి మారాక చప్పుడు తగ్గింది గానీ పోలేదు. 5డబ్ల్యూ-30తో మొదటి చలికాలంలోనే సెల్ఫ్ చురుగ్గా తిరగడం మొదలైంది, ఆ టకటక దాదాపు వినపడటం మానేసింది. బ్యాటరీ అదే, బండి పెట్టే చోటూ అదే. కాబట్టి ఈ మార్పు ఆయిల్ వల్లేనని నా నమ్మకం.

ఎందుకిలా అని మా పక్కింటి పెద్దాయనను అడిగాను. సునాబేడలోని హెచ్ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. "బాబూ, డబ్ల్యూ ముందున్న అంకెని డిగ్రీలనుకోకు" అని మొదలుపెట్టి ఓపిగ్గా చెప్పారు. డబ్ల్యూ అంటే వింటర్. ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ ఆయిల్ గ్రేడులకు పెట్టిన జే300 ప్రమాణం ప్రకారం 5డబ్ల్యూ ఆయిల్‌తో మైనస్ 30 డిగ్రీల దగ్గర ఇంజన్ తిరగగలగాలి, మైనస్ 35 దగ్గర ఆయిల్‌ని పంపు లాగగలగాలి. 15డబ్ల్యూ అయితే ఆ పరీక్షలు మైనస్ 20, మైనస్ 25 దగ్గర. 20డబ్ల్యూ అయినా మైనస్ 15, మైనస్ 20 వరకూ పనిచేయాలి. అంటే చలికి కొబ్బరినూనె పేరుకున్నట్టు ఇంజనాయిల్ పేరుకుపోతుందని మనవాళ్ళు పడే భయానికి సిమిలిగూడలో ఆధారం లేదు. మన చలికి ఏ గ్రేడు పోసినా బండి స్టార్ట్ అవుతుంది.

అయినా తేడా ఎందుకు తెలుస్తుందంటే, స్టార్ట్ కావడం వేరు, ఆయిల్ పైదాకా చేరడం వేరు. రాత్రంతా ఆగిన ఇంజన్‌లో ఆయిల్ ఎక్కువ భాగం కిందికి దిగి సంప్‌లో (ఇంజన్ అడుగున ఉండే తొట్టిలో) ఉంటుంది. పొద్దున్న పంపు దాన్ని లాగి, ఫిల్టర్ గుండా నెట్టి, పైన వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కించాలి. అంతవరకూ అక్కడ మిగిలిన పల్చటి పొరే దిక్కు. 40 డిగ్రీల దగ్గర కొలిస్తే 5డబ్ల్యూ-30 సింథటిక్ చిక్కదనం సాధారణంగా 60 నుంచి 70 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత; అంకె పెరిగితే ఆయిల్ చిక్కన) ఉంటుంది, 15డబ్ల్యూ-40ది 105 నుంచి 115. చలి పెరిగేకొద్దీ ఈ దూరం ఇంకా పెరుగుతుంది. 5 డిగ్రీల దగ్గర 15డబ్ల్యూ-40 రెండింతలకు పైగా చిక్కగా ఉంటుంది. పొద్దున్న వినిపించే టకటక ఆ చిక్కదనం వల్లే. ఒక్కరోజులో ఇంజన్‌కి ఏమీ కాదు, నిజమే. కానీ పదేళ్ళు ఉంచుకోవాలనుకునే బండికి ప్రతి చలికాలం, ప్రతి ఉదయం అది జరగడం నాకిష్టం లేదు.

ఇక్కడి మెకానిక్ షెడ్లలో వినిపించే మాట వేరు. "ఘాట్ బండికి చిక్కటాయిలే ఉండాలి సార్" అంటారు. ఆ మాటలో కొంత నిజముంది, దాన్ని కొట్టిపారేయకూడదు. మే నెలలో మనుషులతో, సామానుతో నిండిన బండిని సాలూరు నుంచి పైకి ఎక్కిస్తే ఆయిల్ బాగా కాగుతుంది. అప్పుడు లెక్కలోకి వచ్చేది రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు. 150 డిగ్రీల దగ్గర తీవ్రమైన రాపిడిలో చేసే పరీక్షలో చిక్కదనం 30 గ్రేడుకి కనీసం 2.9 సెంటీపాయిజ్ (ఇది వేరే కొలత) కావాలి, 5డబ్ల్యూ-40కి 3.5, 15డబ్ల్యూ-40కి 3.7. అంటే కాగినప్పుడు 40 గ్రేడు పొర గట్టిదే. పొరపాటల్లా రెండు అంకెల్నీ కలిపేసి, ఘాట్ కోసమని మొదటి అంకె కూడా పెంచేయడంలో ఉంది. చలి కోసం చూసుకోవాల్సింది మొదటి అంకె, ఘాట్ కోసం చూసుకోవాల్సింది రెండోది. మాన్యువల్ ఒప్పుకుంటే 5డబ్ల్యూ-40 ఈ రెండు అవసరాలూ తీరుస్తుంది. ఎక్కువ తిరిగిన బండికీ, బరువుతో తరచూ ఘాట్ ఎక్కే బండికీ నేను అదే చెబుతాను. నా వాడకానికి 30 చాలింది. ఎండాకాలంలో విజయనగరం వెళ్ళొచ్చాక డిప్‌స్టిక్ మీద మట్టం కొద్దిగా తగ్గుతుంది, పిసరంత టాప్-అప్ సరిపోతుంది.

అలాగని మరీ పల్చటి ఆయిల్‌కి పరుగెత్తకండి. ఇప్పుడొచ్చే పెట్రోల్ బళ్ళలో చాలావాటికి 0డబ్ల్యూ-20, కొన్నిటికి 0డబ్ల్యూ-16 అని మాన్యువల్‌లోనే ఉంటుంది. ఆ ఇంజన్లను దానికి తగ్గట్టే తయారుచేశారు. చలి ఎక్కువని పాత ఇంజన్‌లో వాటిని పోయడం తప్పు. కొత్త బండిలో భయపడి 20డబ్ల్యూ-50 పోయడం అంతకన్నా పెద్ద తప్పు.

గ్రేడు గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, మన ఊళ్ళలో చలికాలం ఇంజన్‌ని పాడుచేసేది ఎక్కువగా చిన్న తిరుగుడు. ఇంటి నుంచి బజారు, బజారు నుంచి స్కూలు, మళ్ళీ ఇల్లు. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తాం. పెట్రోల్ మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. చల్లటి ఇంజన్‌లో అందులో కొంత లోపలే నీరుగా మారి ఆయిల్‌లో కలుస్తుంది. మండని పెట్రోలూ కొద్దికొద్దిగా దిగుతుంది. జనవరిలో ఆయిల్ మూత విప్పి చూస్తే లోపలివైపు పాలమీగడ రంగులో జిగట కనిపించేది ఇందుకే. అది చూడగానే హెడ్ గ్యాస్కెట్ (కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే సీలు) పోయిందని టెన్షన్ పడక్కర్లేదు. కూలెంట్ మట్టం తగ్గకపోతే, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగానే ఉంటే, అది చలి తడే. వారానికోసారి కోరాపుట్ దాకానో, ఘాట్ దిగి జయపురం దాకానో ఆపకుండా నడిపితే ఆ తడి ఆవిరైపోతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గే బదులు పెరుగుతూ, పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం ఆయిల్ మార్చేయాలి. ఫుల్ సింథటిక్ పోశాం కదా, పదివేల కిలోమీటర్లూ ఆగొచ్చని లెక్కపెట్టడం ఇలాంటి వాడకానికి పనికిరాదు. మాన్యువల్‌లో కఠిన వాడకం అని వేరే పట్టిక ఉంటుంది. చిన్న తిరుగుడు, కొండ దారులు దాని కిందికే వస్తాయి. నేను కిలోమీటర్లు చూడను, దీపావళి దాటాక, చలి ముదరకముందే మార్పిస్తాను.

ఆయిల్‌తో పాటు ఫిల్టర్ తప్పనిసరిగా మార్పించండి, అదీ మంచిది. ఫిల్టర్ లోపల ఒక రబ్బరు వాల్వ్ ఉంటుంది. ఇంజన్ ఆగాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపడం దాని పని. చవక ఫిల్టర్లలో ఆ రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన 5డబ్ల్యూ-30 పోసినా పొద్దున్న టకటక వస్తూనే ఉంటుంది, నింద ఆయిల్ మీద పడుతుంది.

స్టార్ట్ చేశాక పది నిమిషాలు న్యూట్రల్‌లో వదిలేయడం, రేస్ ఇచ్చి వేడెక్కించడం ఇక్కడ చాలా ఇళ్ళ ముందు కనిపిస్తుంది. రెండూ వద్దు. అర నిమిషం ఆగి, మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా, రెండువేల ఆర్పీఎం లోపు నడిపితే చాలు. వేడి ముల్లు మధ్యకు రాగానే అంతా కాగిందనుకుంటాం. అది చూపించేది కూలెంట్ వేడిని. ఆయిల్ దాని వెనకాల, ఇంకొంచెం ఆలస్యంగా కాగుతుంది.

ధర విషయానికొస్తే, ఫుల్ సింథటిక్‌కి మినరల్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు పెట్టాను. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా చూడలేదు, కాబట్టి ఆ ఆశతో కొనకండి. పొద్దున్న తేలిగ్గా తిరిగే సెల్ఫ్ కోసం, ఇంజన్ పైభాగం కోసం కొనండి. డబ్బా వెనక ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) నాణ్యత గుర్తు చూడండి: ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్పీ 2020లో. ఎస్పీలో టైమింగ్ చైన్ అరుగుదలకు పరీక్ష చేరింది, పాత పెట్రోల్ బండికీ నిశ్చింతగా వాడొచ్చు. ఒకసారి ఒక కొట్టులో మూత చుట్టూ ఉండే సీలు తెగి, మళ్ళీ అతికించిన డబ్బా నా చేతికొచ్చింది; తిరిగిచ్చేశాను. బిల్లు లేకుండా కొనొద్దు. ఖాళీ డబ్బాకు షెడ్డులోనే చిల్లు పెట్టించండి, ఇంకొకరు నింపి అమ్మడానికి పనికి రాకుండా.

డీజిల్ బళ్ళ వాళ్ళకు ఇదంతా యథాతథంగా వర్తించదు. మా ఇంట్లో సరుకులకు వాడే పాత డీజిల్ జీపుకి ఇప్పటికీ 15డబ్ల్యూ-40, సీఐ-4 (డీజిల్ ఇంజన్లకు ఏపీఐ ఇచ్చే గుర్తు) రకమే. దాని సీళ్ళు పాతవి, పల్చటి సింథటిక్ పోస్తే కారే చోట్లు బయటపడతాయి. చలి ఉదయం హీటర్ కాయిల్ దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొడితే పేచీ లేకుండా అందుకుంటుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ కార్లలో మాత్రం గ్రేడు ఒక్కటే చూస్తే చాలదు. వాటి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. మామూలు ఆయిల్ కాలి మిగిల్చే బూడిద అందులో పేరుకుంటుంది, ఆ బూడిద తర్వాత కాల్చినా పోదు. మా బావగారి బండి మాన్యువల్‌లో ఏసీఈఏ సీ3 (బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్‌కి యూరప్ కార్ల కంపెనీల సంఘం పెట్టిన గుర్తు) అని స్పష్టంగా ఉంది. సాలూరులో ఆయన కోసం 5డబ్ల్యూ-30 అడిగితే కొట్టువాళ్ళు పెట్రోల్ బండి డబ్బా చేతిలో పెట్టారు. అంకెలు అవే, వెనక సీ3 లేదు. దాన్ని వదిలేసి విశాఖ నుంచి తెప్పించుకున్నాం.