స్పోర్ట్ బైక్ నుంచి క్రూజర్‌కి మారి ఏడేళ్ళు, 82 వేల కిలోమీటర్ల తర్వాత నా రివ్యూ

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద రాసేదాంట్లో సగం విషయాలు దీన్నిబట్టే ఉంటాయి. నాలుగేళ్ళు 600 సీసీ, నాలుగు సిలిండర్ల స్పోర్ట్ బైక్ నడిపా, 38 వేల కిలోమీటర్లు. తర్వాత వీ-ట్విన్ (రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజిన్) క్రూజర్ తీసుకున్నా, అంటే సీట్ కిందకి, కాళ్ళు ముందుకి ఉండే రకం, 900 సీసీకి దగ్గర్లో ఉంటుంది, బెల్ట్ డ్రైవ్ (చైన్ బదులు బెల్ట్), ఏడేళ్ళు దాటింది, ఓడోమీటర్ 82 వేలు చూపిస్తోంది. నా రెండు బళ్ళ కంపెనీల పేర్లూ రాయట్లేదు, ఏ కంపెనీ మంచిదన్నది ఇక్కడ విషయం కాదు, ఈ రెండు రకాల బళ్ళూ రోజూ నడిపే మనిషికి ఎలా ఉంటాయన్నదే విషయం. "ఎందుకు మార్చావ్, వయసైపోయిందా" అని చాలామంది అడిగారు. వయసు కాదు.

స్పోర్ట్ బైక్ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, దాన్ని తిట్టడానికి కూర్చోలేదు. మంచి మలుపులున్న కొండ రోడ్డు మీద అది వంగే తీరు, బ్రేక్ ముట్టుకుంటే ముందు చక్రం రోడ్డుని పట్టుకునే తీరు ఇంకే బండిలోనూ నాకు దొరకలేదు. కానీ అలాంటి రోడ్డు నాకు నెలకి ఒక్కసారి దొరికేది, అదీ ఒక గంట. మిగతా రోజులన్నీ ట్రాఫిక్, సిగ్నళ్ళు, మధ్యమధ్యలో హైవే. అక్కడ ఏమవుతుందంటే క్లిప్-ఆన్ హ్యాండిల్స్ (ఫోర్క్‌కే బిగించే విడి హ్యాండిల్స్) కిందకి ఉంటాయి, ఫుట్‌పెగ్స్ (కాళ్ళు పెట్టుకునేవి) వెనక్కీ పైకీ ఉంటాయి, ఒంటి బరువు సగం మణికట్ల మీద పడుతుంది. స్పీడ్ పెరిగితే ఎదురుగాలి ఛాతీని పైకి ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి చేతులకి బరువు తెలీదు, కానీ 40లో, 50లో ఆ గాలి ఉండదు, బరువంతా అరచేతులే మోయాలి. రెండో ఏడాదికి నా కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం మొదలైంది, ఇంటికొచ్చాక తాళం తిప్పడానికి కూడా ఎడం చెయ్యి వాడేదాన్ని. డాక్టర్ చెప్పింది అరచేతి అంచున వెళ్ళే నరం నొక్కుకుపోతోందని. గ్లోవ్స్ మార్చా, కడుపు, నడుము బిగించి చేతులు వదులుగా పెట్టి నడపడం నేర్చుకున్నా, కొంత తగ్గింది, మొత్తం పోలేదు.

ఇంకోటి సీట్ ఎత్తు. ఆ బండికి 820 మి.మీ. పైనే. ఆగినప్పుడు ఒక్క కాలు, అదీ మునివేళ్ళు మాత్రమే కింద ఆనేవి. అలవాటైపోయింది అనుకుంటాం, చదును రోడ్డు మీద నిజంగానే అలవాటవుతుంది. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగి ఎడం కాలు కింద పెట్టా, అక్కడ రోడ్డు ఒక రెండంగుళాలు కిందకి ఉంది, కాలు నేలకి అందేలోపే బండి వాలడం మొదలైంది, ఒక దశ దాటాక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. సున్నా స్పీడ్‌లో పడ్డా ఫెయిరింగ్ (బండి ముందూ పక్కలా ఉండే ప్లాస్టిక్ తొడుగు) పగిలింది, క్లచ్ లీవర్ వంగింది. నాకేం దెబ్బ తగల్లేదు గానీ ఆ తర్వాత నెలల తరబడి ప్రతి సిగ్నల్ దగ్గరా ముందు నేల ఎలా ఉందా అని చూసుకోవడమే పని అయిపోయింది. నడిపే సంతోషం కన్నా ఆపే భయం ఎక్కువైంది అన్నమాట.

క్రూజర్ మీద మొదటిసారి కూర్చున్న రోజు రెండు అరికాళ్ళూ మడమలతో సహా నేలకి ఆనాయి, మోకాళ్ళు ఇంకా కొంచెం వంగే ఉన్నాయి. ఆ ఒక్క క్షణం గురించి ఎంత రాసినా తక్కువే నాకు.

ఇంజిన్‌ని బట్టే బండి అనుకునేవాళ్ళు ఒకటి గమనించండి. కవాసాకీ నింజా 650 స్పోర్ట్ రకం, వల్కన్ ఎస్ క్రూజర్, రెండింట్లోనూ ఉన్నది అదే 649 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్, ట్యూనింగ్‌లో తేడా అంతే. సీట్ మాత్రం నింజాకి 790 మి.మీ., వల్కన్ ఎస్‌కి 705. వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) నింజాకి 1410 మి.మీ., వల్కన్ ఎస్‌కి 1575. హోండాలో స్పోర్ట్ రకం సీబీఆర్500ఆర్, క్రూజర్ రెబెల్ 500 కూడా అంతే, రెండింట్లోనూ 471 సీసీ ఇంజినే, సీట్లు చూస్తే 785, 690. గుండె ఒకటే, ఒళ్ళు వేరు. కాబట్టి క్రూజర్ తీసుకునేవాళ్ళు ఇంజిన్‌లో రాజీపడి తీసుకుంటున్నారు అనే మాట అన్నిచోట్లా నిజం కాదు, మనిషి ఆ ఇంజిన్ మీద ఎలా కూర్చోవాలి అన్నదాన్ని ఎంచుకుంటున్నారు.

పవర్ విషయానికొస్తే, నాలుగు సిలిండర్ల 600 సూపర్‌స్పోర్ట్‌లు (నా పాత బండి లాంటివి) రేస్ క్లాస్ రూల్స్‌ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి, సీసీ పరిమితి ఉంది కాబట్టి ఎక్కువ పవర్ కావాలంటే ఎక్కువ ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) తిప్పాల్సిందే. అందుకే వాటి పూర్తి పవర్ 13 వేలు, 14 వేల ఆర్‌పీఎమ్ దగ్గర ఉంటుంది. ఫస్ట్ గేర్‌లోనే గంటకి 100 కిలోమీటర్లు దాటేస్తాయి. అంటే రోడ్డు మీద మనం న్యాయంగా నడిపే స్పీడ్‌లో ఆ ఇంజిన్ ఇంకా నిద్రలోనే ఉంటుంది, లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ఆరో గేర్ నుంచి నాలుగుకో మూడుకో దించాలి, లేకపోతే లాగదు. ఈ 600 క్లాస్‌లోదే, 1999లో వచ్చిన యమహా ఆర్6 లాంటి బండిని కూడా 2020 తర్వాత యూరప్‌లో రోడ్డు కోసం అమ్మడం ఆపేసి ట్రాక్ బండిగానే ఉంచారు, కొత్త పొల్యూషన్ రూల్స్ దాటించడం ఒక కారణం.

నా క్రూజర్ ఇంజిన్ దీనికి పూర్తిగా రివర్స్. టార్క్ (ఇంజిన్ లాగే బలం) మొత్తం 3 వేలు, 4 వేల ఆర్‌పీఎమ్ మధ్యలోనే ఉంది. టాప్ గేర్‌లో 70లో వెళ్తూ థ్రాటిల్ తిప్పితే గేర్ మార్చకుండానే లాక్కెళ్ళిపోతుంది, అరుపు ఉండదు, వెనకనుంచి ఎవరో అరచెయ్యి పెట్టి నెట్టినట్టు ఉంటుంది. నేను నడిపే స్పీడ్‌లోనే ఈ బండి బాగుంటుంది, నాకు క్రూజర్ నచ్చడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. స్పోర్ట్ బైక్ మీద 80లో వెళ్తుంటే అది ఇంకా ఏదో అడుగుతున్నట్టు ఉండేది, నేను ఇవ్వలేకపోతున్నట్టు ఉండేది, దాంతో తెలీకుండానే స్పీడ్ పెరిగిపోయేది. దీని మీద 80 అంటే నిండుగా 80.

శబ్దం గురించి కూడా. హార్లీ-డేవిడ్‌సన్ 1909లో మొదటిసారి వీ-ట్విన్ అమ్మకానికి పెట్టింది, ఆ 45 డిగ్రీల వీ ఇంజిన్‌లో రెండు పిస్టన్ల కనెక్టింగ్ రాడ్లూ క్రాంక్ షాఫ్ట్ మీద ఒకే పిన్‌కి ఉంటాయి కాబట్టి ఫైరింగ్ సమానంగా రాదు, ఒకసారి క్రాంక్ 315 డిగ్రీలు తిరిగాక, తర్వాత 405 డిగ్రీలు తిరిగాక వస్తుంది. ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్య తేడానే మనం వినే ఆ కుంటు తాళం. ఎవరో కావాలని పెట్టిన సౌండ్ కాదు, ఇంజిన్ ఆకారం నుంచి వచ్చింది. స్టాక్ సైలెన్సర్‌తోనే ఇది చక్కగా వినిపిస్తుంది, దయచేసి సైలెన్సర్ కోయించకండి, చుట్టుపక్కల వాళ్ళ నిద్ర కూడా మనకి ముఖ్యమే.

ఇప్పుడు అమ్మేవాళ్ళు చెప్పని సంగతులు. క్రూజర్ అంటే సోఫా అనుకుని కొనేవాళ్ళు మొదటి లాంగ్ ట్రిప్‌లోనే బాధపడతారు. మణికట్ల మీద బరువు పోయింది నిజమే, కానీ ఆ బరువు ఎక్కడికీ పోలేదు, నడుము కింద కూర్చునే ఎముకల మీదకి వచ్చింది. కాళ్ళు ముందుకి చాపి ఉంటాయి కాబట్టి గుంట వచ్చినప్పుడు పెగ్స్ మీద లేచి నిలబడలేం. దానికి తోడు చాలా క్రూజర్లలో వెనక సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందకీ కదిలే దూరం) 80 నుంచి 100 మి.మీ. మధ్యే ఉంటుంది, సీట్ కిందకి పెట్టడానికి అక్కడే కోత పెడతారు. చూసుకోకుండా ఒక లోతు గుంటలో 60లో పడ్డా ఒకసారి, వెన్ను మొత్తం మెడ దాకా జిల్లుమంది, పది నిమిషాలు రోడ్డు పక్కన ఆగిపోయా. స్పోర్ట్ బైక్ మీద అయితే అదే గుంటకి పిర్రలు కొంచెం లేపి మోకాళ్ళతో తీసుకునేదాన్ని. కాబట్టి రోజూ నడిపే రోడ్లు గతుకులమయం అయితే క్రూజర్ తీసుకునేముందు బాగా ఆలోచించండి. నేను మొదట సీట్ మార్చా, గట్టి ఫోమ్‌తో చేయించా (మెత్తటిది పనికిరాదు, గంటకే అణిగిపోతుంది), తర్వాత చిన్న బ్యాక్‌రెస్ట్ పెట్టించా. ఇప్పుడు నాలుగైదు గంటలు పర్లేదు, గంటన్నరకోసారి దిగుతా.

సీట్ తక్కువ అంటే బరువు తక్కువ అని కాదు, ఇది నాలాంటి పొట్టివాళ్ళకి మరీ ముఖ్యం. నాది 270 కిలోల పైనే. పొట్టిగా ఉన్నామని క్రూజర్ కొనేసి, ఫుట్ కంట్రోల్స్ మరీ ముందుకి ఉన్న మోడల్ తీసుకుంటే కాలు అందక సీట్ అంచుకి జారి కూర్చోవాల్సి వస్తుంది, అది ఇంకో నొప్పి. కంట్రోల్స్ మధ్యలో ఉన్నది చూసుకోండి. మొదటి నెలలో ఒకచోట గోడకి ఎదురుగా, పల్లంలోకి ముందు చక్రం పెట్టి పార్క్ చేశా. వచ్చి చూస్తే వెనక్కి లాగడానికి కదల్లేదు, అరికాళ్ళు పూర్తిగా ఆనినా లాభం లేదు, ఇద్దరు దారిన పోయేవాళ్ళు వచ్చి సాయం చేస్తేగానీ బయటికి రాలేదు. అప్పట్నుంచి ఎక్కడైనా సరే బండి ముందు చక్రం బయటికి వెళ్ళే వైపు ఉండేలాగే పెడతా.

మలుపుల్లో తేడా గట్టిగా తెలుస్తుంది. స్పోర్ట్ బైక్‌లో ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) దాదాపు నిటారుగా ఉంటుంది, నిటారు నుంచి వాలు 24 డిగ్రీల దగ్గర, చాలా క్రూజర్లలో అది 30 దాటుతుంది. అందుకే క్రూజర్ తిన్నటి రోడ్డు మీద రైలు పట్టాల మీద ఉన్నట్టు వెళ్తుంది, పక్క గాలికి కూడా పెద్దగా చలించదు, కానీ నెమ్మదిగా యూ-టర్న్ తీసుకోవాలంటే ముందు చక్రం లోపలికి పడిపోతున్నట్టు ఉంటుంది. వెనక బ్రేక్ కొంచెం తొక్కిపెట్టి, క్లచ్ సగం వదిలి, తల పూర్తిగా వెళ్ళాల్సిన వైపు తిప్పాలి, ఖాళీ స్థలంలో రెండు వారాలు ఇదే పని చేశా. ఇక వాలు విషయానికొస్తే చాలా క్రూజర్లకి 30 డిగ్రీలకి అటూఇటూ పెగ్ నేలకి తగుల్తుంది. మొదటిసారి ఆ గీసుకున్న శబ్దానికి కంగారుపడి బ్రేక్ వేశా, మలుపు మధ్యలో అలా అస్సలు చేయకూడదు, బండి నిటారుగా లేచి బయటికి పోతుంది, ఆ రోజు ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు మలుపుకి ముందే స్పీడ్ తగ్గించేస్తా. పెగ్ కింద ఉండే చిన్న బోల్ట్ అందుకే పెడతారు, ముందు అది తగిలి హెచ్చరిస్తుంది, నాది సగానికి అరిగాక మార్పించా.

ముందు ఫెయిరింగ్ ఉండదు కాబట్టి 110 దాటితే ఛాతీ తెరచాపలా గాలి పట్టేస్తుంది, మెడ లాగుతుంది, విండ్‌షీల్డ్ పెట్టించుకున్నాక హాయిగా ఉంది. వేడి కూడా ఉంది, ట్రాఫిక్‌లో వెనక సిలిండర్ సెగ కుడి తొడకి తగులుతుంది, పల్చటి ప్యాంట్ వేసుకోకండి.

ఖర్చు, సర్వీస్ సంగతి రెండు ముక్కల్లో చెప్తా. స్పోర్ట్ బైక్‌కి ప్రతి 500, 600 కిలోమీటర్లకీ చైన్ తుడిచి ల్యూబ్ కొట్టేదాన్ని, బెల్ట్‌కి ఆ పనే లేదు, టెన్షన్ చూసుకోవడం, మధ్యలో రాయి ఇరుక్కుందేమో చూడటం అంతే, నాది 61 వేలకి మార్చా. వెనక టైర్ అప్పట్లో 8, 9 వేలకి అయిపోయేది, దీనికి 16 వేల దాకా వస్తోంది. ఇది కూడా రెండుసార్లు నిలబడిన చోటే పక్కకి వాలిపోయింది, రెండుసార్లూ క్రాష్ గార్డ్ మీదే ఆగింది, గీతలు తప్ప ఏం కాలేదు.

మా ఆయన వెనక కూర్చునేది కూడా ఈ బండి కొన్నాకే. స్పోర్ట్ బైక్ వెనక సీట్ అరచెయ్యంత ఉండేది, అరగంటకే "దింపేయ్, నేను బస్సులో వస్తా" అనేవాడు. ఇప్పుడు ఇద్దరం రోజుకి 300 కిలోమీటర్లు వెళ్తున్నాం, మాట్లాడుకుంటూ వెళ్తున్నాం.

కొనేముందు షోరూమ్‌లో స్టాండ్ మీద కూర్చుని తేల్చేసుకోకండి. అరగంట నడపండి, అందులో ఒక యూ-టర్న్, ఒక గతుకు రోడ్డు ఉండేలా చూసుకోండి, దిగాక ఇంజిన్ ఆపి ఒక్కరే బండిని వెనక్కి పది అడుగులు నెట్టి చూడండి. నెలలో ఎన్ని గంటలు నిజంగా మలుపుల రోడ్డు మీద ఉంటారో లెక్కేసుకోండి, అది ఎక్కువైతే స్పోర్ట్ బైకే తీసుకోండి, క్రూజర్ మీద మీకు చిరాకొస్తుంది. నాది ఇంకా అమ్మే ఆలోచన లేదు, వచ్చే నెల వెనక షాక్స్ రెండూ మార్పిస్తున్నా, పాతవి 82 వేలకి పూర్తిగా నీరసించిపోయాయి, కొత్తవి పడ్డాక ఆ లోతు గుంట ఉన్న రోడ్డు మీదే మళ్ళీ వెళ్ళొచ్చి ఎలా ఉందో రాస్తా.