చిటికెన వేలికి చోటిచ్చిన గన్ను: హ్యూస్టన్ ఎండల్లో గ్లాక్ 43ఎక్స్

నడుముకి పెట్టుకునే గ్లాక్ 43ఎక్స్ పిస్టల్ ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు చిటికెన వేలి సంగతే ఎత్తుకుంటాను. బ్యారెల్ పొడవు, బరువు, మ్యాగజీన్‌లో (పిడిలో దూర్చే గుళ్ళ పెట్టె) పది రౌండ్లు, ఇవన్నీ ఏ గన్ షాపులో అడిగినా చెప్తారు. 2019లో ఈ మోడల్ తెచ్చినప్పుడు కంపెనీ చేసిన అసలు మార్పు ఒకటే. తన పాత 43 మోడల్ సన్న స్లైడ్‌ని (కాల్చినప్పుడు వెనక్కి కదిలే పై భాగం) అలాగే పైన ఉంచి, కింద పిడిని తన పెద్ద మోడల్ గ్లాక్ 19 అంత ఎత్తుకి పెంచింది. ఆ పెంచిన ముక్క కోసమే నేనిది కొన్నాను. కొన్నేళ్ళుగా దాన్ని మెచ్చుకుంటున్నదీ, తిట్టుకుంటున్నదీ కూడా ఆ ముక్క వల్లే.

అంతకు ముందు నా దగ్గర జేబులో పట్టే చిన్న .380 క్యాలిబర్ పిస్టల్ ఉండేది. దాని పిడి రెండు వేళ్ళకే సరి. చిటికెన వేలు కింద గాల్లో వేలాడేది. మొదటి గుండు బాగానే తగిలేది. ఆ దెబ్బకి పిడి అరచేతిలో అటూ ఇటూ కదిలిపోయేది, రెండో గుండుకి చెయ్యి మళ్ళీ సర్దుకోవాల్సి వచ్చేది. 43ఎక్స్ పట్టుకుంటే ఉంగరం వేలూ చిటికెన వేలూ రెండూ పిడి మీద బిగుస్తాయి. గన్ను ఎగిరినా చేతిలో పట్టు మారదు. గన్ను వెంట పెట్టుకు తిరగడానికిచ్చే టెక్సస్ లైసెన్సు పరీక్షలో 3, 7, 15 గజాల నుంచి మొత్తం 50 రౌండ్లు కాల్పిస్తారు. దగ్గర దూరాల్లో ఏ గన్నుతోనైనా నెట్టుకొచ్చేయొచ్చు. 15 గజాల దగ్గరే తేడా బయటపడుతుంది. నాకు అక్కడే తెలిసింది. 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హత ఉన్నవాళ్ళు ఈ రాష్ట్రంలో లైసెన్సు లేకుండానే దగ్గర పెట్టుకోవచ్చు. అయినా నేను లైసెన్సు వదల్లేదు. పక్క రాష్ట్రాలకి వెళ్ళినప్పుడు అది పనికొస్తుంది, ఆ క్లాసులో చట్టం గురించి చెప్పింది అంతకన్నా పనికొస్తుంది.

నా పరిస్థితి కూడా చెప్పాలి. హ్యూస్టన్ శివార్లలో మాకు గ్యాస్ స్టేషన్, దాంతోపాటు చిన్న స్టోరూ ఉన్నాయి. రాత్రి మూసేది నేనే, డబ్బు లెక్క చూసేదీ నేనే. రోజంతా కూర్చునే పని కాదు. కూలర్లు నింపాలి, నీళ్ళ కేసులు మొయ్యాలి, వంగాలి, లేవాలి. చొక్కా ఎప్పుడూ బయటికే వదిలేస్తాను. గన్ను బెల్టు లోపల, ముందువైపు, కుడి పక్కన ఉంటుంది. నాలుగు గంటల దగ్గర, అంటే తుంటి వెనక పెట్టుకుని చూశాను. వంగినప్పుడల్లా పిడి వీపు మీద గూని లేచినట్టు పొడుచుకొచ్చేది, మానేశాను.

ముందువైపు పెట్టుకున్నా ఈ పొడవు పిడి పైనుంచి బయటికి ఒరిగిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన హోల్‌స్టర్లకి (గన్ను పెట్టుకునే కవర్లు) పక్కన క్లా అని చిన్న ప్లాస్టిక్ రెక్క బిగిస్తారు. బెల్టు ఆ రెక్కని నొక్కితే పిడి పొట్టవైపు తిరుగుతుంది, చొక్కా మీద ఆనవాలు కనపడదు. ఇంత పనీ రెండు చిన్న స్క్రూల మీద, వాటి మధ్య రబ్బరు వాషర్ల మీద నడుస్తుంది.

ఒక ఆగస్టు సాయంత్రం. బయట ఉక్కపోత, లోపల కూలర్ వెనక చలి. అటూ ఇటూ తిరిగి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నీళ్ళ కేసు ఎత్తి అరలో పెట్టి నిటారుగా నిలబడేసరికి నడుం దగ్గర ఏదో వదులైనట్టు అనిపించింది. కూలర్ గాజు తలుపులో చూసుకుంటే బొడ్డు పక్కన చొక్కా మీద పిడి ఆకారం గీత గీసినట్టు కనపడుతోంది. రోజూ కాఫీకొచ్చే పెద్దాయన ఒకరు కౌంటర్ దగ్గరున్నారు. ఆయన దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, చొక్కా సర్దుకోమన్నారు. ఆయన టెక్సస్‌లో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి అంతటితో పోయింది. అప్పుడు లైనులో చిన్నపిల్లలున్న తల్లి ఉండుంటే? దుకాణంలో ఎవరైనా భయపడి పోలీసులకి ఫోన్ చేస్తే? ఆ రాత్రంతా నా బుర్రలో ఇవే తిరిగాయి.

వెనక ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. గన్ను హోల్‌స్టర్‌లోంచి తియ్యకుండా, హోల్‌స్టర్‌తో సహా బెల్టు నుంచి విప్పి బల్ల మీద పెట్టాను. ఇది అందరికీ గట్టిగా చెప్తాను. ఏది వదులైనా గన్నుని కవర్‌లోంచి లాగి చూడకండి. ట్రిగ్గర్‌ని కప్పి ఉంచేది ఆ కవరే. గ్లాక్‌కి బొటన వేలితో నొక్కే సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) ఉండదు.

చూస్తే క్లాకి రెండు స్క్రూల్లో ఒకటే ఉంది. ఉన్నది కూడా తల చుట్టూ నారింజరంగు తుప్పు పట్టి గోటితో తిప్పితే తిరుగుతోంది. రబ్బరు వాషరు చెమటకి ఉబ్బి, ఆరి, అంచు పగిలింది. రెండో స్క్రూ మర్నాడు కూలర్ కింద ఊడుస్తుంటే చీపురుకి తగిలింది. హోల్‌స్టర్ చేసిన కంపెనీకి ఫొటోలు పంపాను. స్క్రూలు అరిగిపోయే సామాను, వాటికి వారంటీ రాదని జవాబొచ్చింది. మనిషి నడుం మీద, చెమటలో, రోజంతా ఉండాల్సిన వస్తువుకి తుప్పు పట్టే స్క్రూలు పెట్టి ఈ మాటనడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. హార్డ్‌వేర్ షాపులో స్టెయిన్‌లెస్ స్క్రూలు కొన్నాను. మరలకి స్క్రూలు వదులవకుండా పట్టి ఉంచే లాక్‌టైట్ జిగురు, నీలం రంగుది, చుక్క వేశాను (ఎరుపు వెయ్యొద్దు, మళ్ళీ తేలిగ్గా ఊడదు). స్క్రూ తల మీదుగా హోల్‌స్టర్ మీదికి తెల్ల పెన్నుతో సన్నగా గీత గీశాను. గీత ఎక్కడ విరిగితే అక్కడ స్క్రూ కదిలినట్టు. పొద్దున బెల్టు పెట్టుకునేటప్పుడు ఆ గీత వైపు ఒక చూపు చూస్తే చాలు.

ఆ రోజు తప్పు స్క్రూది. కానీ అదే చోట పొట్టి పిడి ఉన్న పాత 43 ఉండుంటే, స్క్రూ ఊడినా చొక్కా మీద అంత కనపడేది కాదు. నా చిటికెన వేలికి దొరికిన చోటే చొక్కాలోంచి బయటికి తొంగిచూస్తోంది. కొన్న కొత్తల్లో దీన్ని ఏ చొక్కా కిందయినా దాచొచ్చని స్నేహితులకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు వదులు చొక్కా, గట్టి బెల్టు, సరిగ్గా బిగిసిన క్లా ఉంటే దాచొచ్చు అంటున్నాను. చొక్కా లోపలికి దోపుకుని ఆఫీసుకెళ్ళే వాళ్ళకి సలహా ఇవ్వలేను. లాల్చీ కింద మాత్రం చక్కగా దాగుతుంది. పండగకి పంచె కట్టినప్పుడు బెల్టే ఉండదు కనక గన్ను పెట్టెలోనే. గుడికి వెళ్ళినా అంతే, అది నా నియమం.

గన్ను మాత్రం ఆ చెమటని తట్టుకోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. హోల్‌స్టర్ స్క్రూలు తినేసిన చెమటే స్లైడ్ మీదా పడింది, ఒక్క మచ్చ లేదు. రాత్రి ఇంటికొచ్చాక నూనె చుక్క వేసిన గుడ్డతో తుడుస్తాను. అందుకని ఆ గొప్పంతా పూతదే అనలేను. చూడాల్సింది నూలు దుమ్ము. బనీను పోగులు మ్యాగజీన్ పైన, స్లైడ్ వెనక చేరి మెత్తటి చాపలా తయారవుతాయి. శుభ్రానికి గ్లాక్‌ని విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు. మ్యాగజీన్ తీసి, స్లైడ్ లాగి, గుండు కూర్చునే చాంబర్‌లో వేలు పెట్టి తడిమి చూశాకే నొక్కుతాను. ఇంట్లో పదహారు నిండిన అబ్బాయి ఉన్నాడు. టెక్సస్ చట్టంలో పదిహేడేళ్ళ లోపు పిల్లలకి గన్ను అందేలా ఉంచడం నేరం. చట్టం లేకపోయినా తాళం పెట్టె కొనేవాణ్ణే.

పది రౌండ్లు చాలవని, అంతే పొడవులో పదిహేను పట్టే ఇనప మ్యాగజీన్ బయటి కంపెనీది కొన్నాను. నిండుగా నింపితే మొదటి రెండు రౌండ్లు ఎక్కడానికి మొరాయించేది. పైగా ఇనప మ్యాగజీన్లు మ్యాగజీన్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్యాచ్‌ని అరగదీస్తాయి, ఇనప క్యాచ్ కూడా మార్చాలి. కంపెనీ పది రౌండ్లదే మళ్ళీ పెట్టుకున్నాను. ఇంకోటి బెల్టుకి ఎడమపక్కన ఉంటుంది.

మన కుర్రాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి మామూలుగా గన్ను కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపులున్నాయి, వాటి జోలికి లాయర్ని అడక్కుండా వెళ్ళొద్దు. గ్రీన్‌కార్డు వచ్చాక చూసుకోవచ్చు. నేనూ అలాగే ఆగాను.

మా ఆవిడకి ఇది నచ్చలేదు. తనది ఎడమచేతి వాటం. మ్యాగజీన్ వదిలే బటన్ అటువైపుకి మార్చుకోవచ్చు, స్లైడ్‌ని వెనక ఆపి ఉంచే మీట (స్లైడ్ స్టాప్) మాత్రం ఒక్క పక్కనే ఉంది. తన చెయ్యి చిన్నది, పాత 43 పిడి మీదే వేళ్ళు సరిపోతాయి. చీర మీద ఎలాగూ బెల్టు కట్టదు. తనకి ఏది కుదురుతుందో ఇంకా తేల్చుకోలేదు. వారాంతాల్లో రేంజిలో అద్దె గన్నులు ఒక్కోటీ కాల్చి చూస్తోంది.